కలకత్తాలో బండి ఎక్కడ ఆపాలి?

కలకత్తాలో కారు నడపడం కష్టమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. నడపడం పెద్ద కష్టమేం కాదు. గేరు, క్లచ్చి, హారను. ఈ మూడూ తెలిస్తే చాలు. ముందు బండి వెనకాల మన బండి ఎలాగోలా కదులుతూనే ఉంటుంది. కష్టమల్లా ఆపడం. బయలుదేరిన కారు ఎక్కడో ఒకచోట ఆగాలి కదా! ఆ ఆగే చోటు కోసమే ఈ ఊళ్లో మనిషి ఆయుష్షు కరిగిపోయేది.

ఇవాళ ఆ సంగతే మీతో మాట్లాడదామని వచ్చాను. నేను ఈ ఊళ్లో స్థిరపడిన తెలుగువాణ్ణి. 2001 నుంచీ కోల్‌కతా అనమన్నారు గానీ, నా నోటికి కలకత్తాయే అలవాటు. మీలో చాలామందికి కూడా ఈ ఊరు శరత్ నవలల్లోంచి, వాటికి చక్రపాణిగారు చేసిన తెలుగు అనువాదాల్లోంచి పరిచయమై ఉంటుంది. ఆ కథల్లో జమీందారు బాబు గుర్రబ్బండి దిగి మేడలోకి వెళ్లిపోతాడు. ఆ తరవాత బండి ఎక్కడ పెట్టారని చదివేవాళ్లం మనం ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఈ ఊళ్లో అందరం అడిగేది ఆ ఒక్క ప్రశ్నే.

ముందు ఒక లెక్క చెప్తాను. జాగ్రత్తగా వినండి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది. ఒక నగరం నేలలో రోడ్లకు ఎంత చోటుండాలి? ఢిల్లీలో ఐదో వంతు దాకా ఉందంటారు. కలకత్తాలో? సుమారు 6 శాతం. వంద గజాల నేల ఉంటే అందులో ఆరు గజాలే దారి. మళ్లీ చెప్తున్నాను, వందలో ఆరు. ఆ ఆరు గజాల్లోనే బస్సు పోవాలి, ట్రామ్ పోవాలి, ఆటో పోవాలి, మనిషి లాగే రిక్షా పోవాలి, నెత్తిన మూటతో కూలీ పోవాలి. అందులోనే మన కారు నిలబడాలి కూడాను.

టామ్‌టామ్ అని నెదర్లాండ్స్ కంపెనీ ఒకటి ఏటా ప్రపంచంలోని నగరాల్లో బండ్ల వేగం లెక్కగడుతుంది. 2024 లెక్కలో కలకత్తా మన దేశంలోకెల్లా నెమ్మదైన నగరమని తేలింది. బెంగుళూరు కన్నా కూడా. పది కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 34 నిమిషాల పైచిలుకు. ఆ ఏడాది ప్రపంచం మొత్తంలో మా ముందున్నది కొలంబియా దేశంలోని బారన్‌కియా ఒక్కటే. బెంగుళూరు మిత్రులు ఈ వార్త విని కాస్త చిన్నబుచ్చుకున్నారు, ఆ కిరీటం తమదేనని ఇన్నాళ్లూ అనుకున్నారు పాపం.

ఎందుకిలా అంటే, ఈ ఊరు కార్ల కోసం పుట్టింది కాదు. పల్లకీలకూ, ఎడ్లబండ్లకూ, గుర్రబ్బండ్లకూ పుట్టింది. ఉత్తర కలకత్తా సందుల్లో ఇటూ అటూ చేతులు చాస్తే రెండు గోడలూ తగిలే చోట్లున్నాయి. పెద్ద రోడ్ల పుట్టుక ఇంకా తమాషా. 1817లో తెల్లదొరలు లాటరీ కమిటీ అని ఒకటి పెట్టారు. జనానికి లాటరీ టికెట్లు అమ్మడం, బహుమతులు పంచగా మిగిలిన డబ్బుతో రోడ్లు వెయ్యడం. కాలేజ్ స్ట్రీట్, కార్న్‌వాలిస్ స్ట్రీట్, వెల్లింగ్టన్ స్ట్రీట్ అలా లాటరీ డబ్బుతో పుట్టినవే. ఈనాడు ఆ వీధుల్లో కారుకు చోటు దొరకడమూ లాటరీయే అనుకోండి. ఆ తరవాత దాదాపు వందేళ్లకు, 1912లో, ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ వచ్చి చిత్తరంజన్ ఎవెన్యూ లాంటి వెడల్పాటి దారులు తీసింది. పెద్ద దారుల మధ్యన ఉన్న సందులు మాత్రం అలాగే ఉండిపోయాయి.

రద్దీ కూడా కొత్తదేం కాదు. హౌరా దగ్గర 1874లో పడవల మీద తేలే వంతెన ఒకటి వేశారు. స్టీమరు వచ్చినప్పుడల్లా వంతెన మధ్యభాగం తెరిచేవాళ్లు. ఓడ దాటేదాకా ఇటు బండ్లు ఇటే, అటు బండ్లు అటే. 1943 ఫిబ్రవరిలో ఇప్పుడున్న ఉక్కు వంతెన తెరిచాక ఆ బాధ తీరింది. అంటే, ఓడ కోసం ఆగే బాధ తీరింది. బండి కోసం బండి ఆగే బాధ మొదలైంది.

సరే, చరిత్ర చాలు. మా బావగారి కథ చెప్తాను.

మా అక్కయ్యవాళ్లది ఖరగ్‌పూర్. రైల్వే పుణ్యమా అని ఆ ఊళ్లో ఏ వీధికి వెళ్లినా తెలుగు వినపడుతుంది. బావగారు కూడా రైల్వేలోనే చేసి రిటైరయ్యారు. రిటైరవగానే కారు కొన్నారు. అమ్మాయి పెళ్లి కుదిరింది. బట్టలు కొనడానికి కలకత్తా న్యూ మార్కెట్‌కు రావాలి. "లోకల్ రైలెక్కి వచ్చెయ్యండి బావగారూ, హౌరాలో నేనుంటాను" అన్నాను. "జన్మంతా రైళ్లతోనే సరిపోయిందోయ్, ఇప్పుడైనా కార్లో తిరగనీ" అన్నారు. పెద్దవారు, ఇంకేం మాట్లాడతాం? దారిలో సంత్రాగాచ్చి దగ్గర, ఆయనా అక్కయ్యా వస్తున్న కార్లో నేనూ ఎక్కాను.

కోనా ఎక్స్‌ప్రెస్‌వే దాటి విద్యాసాగర్ సేతు ఎక్కేదాకా అంతా బాగానే ఉంది. ఆ వంతెన గురించి ఒక్క మాట. 1972లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, బండ్లు ఎక్కింది 1992లో. ఇరవై ఏళ్లు! అంతకాలం పట్టినా అందమైన వంతెన. కింద గంగ, ఎదురుగా రేస్‌కోర్సు, దూరంగా విక్టోరియా మెమోరియల్ తెల్లటి గుమ్మటం. బావగారు మీసం దువ్వారు. "దీనికేనటోయ్ నువ్వంత భయపెట్టింది?" అన్నారు. నేను మాట్లాడలేదు.

వంతెన దిగాం. ఫోన్‌లో మ్యాపు ఒక వీధి పేరు చెప్తుంది. దారి అడిగితే మనుషులు ఇంకో పేరు చెప్తారు. ఈ ఊళ్లో ప్రతి వీధికీ రెండు పేర్లు. పాతది నోట్లో ఉంటుంది, కొత్తది బోర్డు మీద ఉంటుంది. థియేటర్ రోడ్ అంటే షేక్స్‌పియర్ సరణి. పార్క్ స్ట్రీట్ అంటే మదర్ తెరిసా సరణి. హారింగ్టన్ స్ట్రీట్ అని ఒకటుండేది. అమెరికా కాన్సులేట్ ఉన్న వీధి. వియత్నాం యుద్ధం రోజుల్లో ఏరికోరి దానికి హో చి మిన్ సరణి అని పేరు పెట్టారు. అమెరికా వాళ్ల చిరునామాలో హో చి మిన్ పేరు! కలకత్తా చమత్కారం అలా ఉంటుంది. బావగారికి అది చెప్పి నవ్విద్దామని చూశాను. ఆయన నవ్వే స్థితిలో లేరు. అప్పటికే ఒన్‌వేలో తప్పు మలుపు తిరగబోయి సార్జెంటు చేత ఈల వేయించుకున్నారు.

ఒన్‌వే అంటే మన ఊళ్లలో ఒక దిక్కే. ఇక్కడ కొన్ని వీధుల్లో పొద్దున ఒక దిక్కు, మధ్యాహ్నం దాటాక దానికి ఎదురు దిక్కు. పొద్దున వెళ్లిన దిక్కునే సాయంత్రం కూడా వెళ్దామనుకుంటే కుదరదు. ఆఫీసుల వైపు పోయే జనానికి పొద్దున దారి ఇస్తారు, తిరిగి వెళ్లే జనానికి సాయంత్రం ఇస్తారు. తెలివైన ఏర్పాటే. కొత్తవాడికి మాత్రం ప్రాణసంకటం.

మొత్తానికి న్యూ మార్కెట్ చేరాం. 1874లో తెరిచిన బజారు అది. కార్లు పుట్టకముందు కట్టిన బజారు. చుట్టూ ఉన్న వీధులూ అప్పటివే. చోటు కోసం చూస్తూ తిరిగాం. తిరిగాం, తిరిగాం. ఆ తిరుగుడులో ఒక సంగతి కనిపెట్టాను. మా వెనకాలే ఒక తెల్ల కారు వస్తోంది. మేం ఎటు తిరిగితే అదీ అటే తిరుగుతోంది. బావగారు దొంగలేమోనని అనుమానపడ్డారు. దొంగలు కాదు. వాళ్లూ మాలాగే చోటు వెతుక్కుంటున్నారు. ఆ ముందు వెళ్తున్న నీలం కారూ అంతే. అంటే ఏమిటన్నమాట? ఆ వీధిలో కనబడుతున్న రద్దీలో కొంత భాగం ఎక్కడికీ పోయే రద్దీ కాదు. గమ్యం చేరిపోయిన వాళ్లే, దిగడానికి చోటు లేక తిరుగుతున్నారు.

లాస్ ఏంజెలెస్‌లో డొనాల్డ్ షూప్ అని ఒక ప్రొఫెసరుగారు ఉండేవారు. ఆర్థికశాస్త్రం చదువుకున్నాయన. ఈ తిరుగుడు మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేసి, 2005లో లావుపాటి పుస్తకం రాశారు. ఆయన చెప్పింది స్థూలంగా ఇంతే. వీధి పక్కన చోటును దాదాపు ఉచితంగా ఇస్తే, వచ్చినవాడు త్వరగా కదలడు. వాడు కదలక, వెనక వచ్చినవాళ్లు చుట్లు కొడతారు. ఆ చుట్లే రద్దీ. ఆయన కలకత్తా గురించి రాయలేదు గానీ, న్యూ మార్కెట్ చుట్టూ తిరుగుతుంటే ఆ పుస్తకం మా కోసమే రాశారనిపించింది.

చివరికి ఒక పార్కింగ్ కుర్రాడు చెయ్యి ఊపి పిలిచాడు. చేతిలో చీటీలిచ్చే మెషిన్. రెండు కార్ల మధ్య ఇంత సందు చూపించాడు. అందులో స్కూటరు పడుతుందా అని నాకు సందేహం. వాడికి లేదు. "డాయిన్, డాయిన్... బస్, బస్!" అంటూ కారును ఆ సందులో పట్టించేశాడు. బావగారు హ్యాండ్ బ్రేక్ లాగబోయారు. వాడు కంగారుగా కిటికీ కొట్టాడు. బ్రేకు వెయ్యొద్దు, గేర్లో పెట్టొద్దు, నూట్రల్‌లో వదిలెయ్యండి అన్నాడు.

"నూట్రల్‌లోనా? రోడ్డు మీదా?" అన్నారు బావగారు. నేను నచ్చజెప్పాను. లోపలి వరసలో ఉన్న కారు బయటికి రావాలంటే, మన కారును చేత్తో ముందుకో వెనక్కో తోస్తారు బావగారూ, అందుకని. ఆఫీసులుండే డల్హౌసీ పక్కనా ఇదే పద్ధతి. ఆయన అక్కయ్యకేసి చూశారు. అక్కయ్య ఆకాశంకేసి చూసింది.

బట్టలు కొని బయటికొచ్చేసరికి కారు పెట్టినచోట లేదు. బావగారి ముఖాన నెత్తురు చుక్క లేదు. కుర్రాడు నవ్వుతూ వీధి చివర చూపించాడు. మా కారు నాలుగైదు కార్ల అవతల, ఇంకెవరిదో కారు స్థానంలో కులాసాగా ఉంది. ఒక్క గీత పడలేదు. నిజం చెప్పాలంటే ఈ ఊళ్లో డ్రైవింగ్ తెలిసినవాళ్లు స్టీరింగ్ పట్టుకున్నవాళ్లు కాదు, ఈ కుర్రాళ్లు. ఎండలో వానలో నిలబడి, అంగుళాల లెక్కన బండ్లను పేరుస్తారు. వాళ్లు లేకపోతే మధ్యాహ్నం పన్నెండుకల్లా సగం కలకత్తా బిగుసుకుపోతుంది.

ఇంతకీ ఆ చోటుకు ఎంత కట్టాం? ఇదే నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్న మాట. కారుకు గంటకు 10 రూపాయలు. అప్పటికి కార్పొరేషన్ పెట్టిన రేటు అది, పగటిపూట. కలకత్తా నడిబొడ్డున, ఒక గది నిర్మించుకునేంత నేల, గంటకు పది రూపాయలు. అదే న్యూ మార్కెట్ ముందు అంతకన్నా తక్కువ చోటులో గాజులమ్ముకునే మనిషి ఎన్ని బాధలు పడతాడో చూస్తే తెలుస్తుంది. ఆ వీధిలో పది రూపాయలకు టీ దొరుకుతుంది. టీ తాగడానికి ఐదు నిమిషాలు. కారుకు గంట.

2023 ఏప్రిల్‌లో కార్పొరేషన్ ఈ రేటు పెంచింది. మొదటి గంటకు పది ఉన్నది ఇరవై చేసింది. గంటలు పెరిగినకొద్దీ రేటు ఇంకా ఎక్కేటట్టు పెట్టింది. అంటే ఒక గంట ఆపితే ఫరవాలేదు, రోజంతా పడుకోబెడితే జేబుకు తగులుతుంది. నా మటుకు నాకు అది సరైన పనే అనిపించింది. వారం తిరక్కుండానే వెనక్కి తీసుకున్నారు. అప్పటి ముఖ్యమంత్రిగారికి చెప్పకుండా పెంచారని ఆమె పార్టీవాళ్లే అన్నారు. మేయరుగారు సరేనని రద్దు చేశారు. మళ్లీ పది రూపాయలు. నేను చూసినంతలో ఊళ్లో ఎవరూ ఊరేగింపు తియ్యలేదు, ధర్నా చెయ్యలేదు. కలకత్తాలో ధర్నా లేకుండా ఒక రేటు తగ్గిందంటే అది కార్లవాళ్ల రేటు కాబట్టేనని నా అనుమానం. ఇదే ఊళ్లో 1953లో ట్రామ్ టికెట్టు ఒక్క పైసా పెంచితే ట్రామ్‌లు తగలబడ్డాయి, నెలంతా ఊరు అట్టుడికింది. అప్పుడు వీధికెక్కింది నడిచీ, ట్రామ్ ఎక్కీ బతికే జనం.

నిలిచిన కారు ఏం చేస్తుందో చూడండి. కదిలే కారు కాసేపు అడ్డం. నిలిచిన కారు పొద్దస్తమానం అడ్డం. వీధికి ఒక పక్క కార్లు వరసగా నిలబడితే, ఆ వీధిలో ఒక వరస దారి పోయినట్టే. వందలో ఆరు గజాలని చెప్పాను కదా. ఆ ఆరులోంచి ఇంకో గజమో రెండు గజాలో ఇలా పోతాయి. ఇక బస్సు ఓరకు రాలేదు. నడివీధిలో ఆగుతుంది. జనం నడివీధికి పరుగెత్తి ఎక్కుతారు. వెనక బండ్లన్నీ ఆగుతాయి. బస్సు డ్రైవర్ని తిడతాం. ఓరన నిద్రపోతున్న కారును ఎవరూ తిట్టరు. అది చప్పుడు చెయ్యదు కదా.

బస్సుల మాట వచ్చింది గనక చెప్తాను. కలకత్తాలో ప్రైవేటు బస్సులు ఎక్కువ. డ్రైవరుకూ కండక్టరుకూ నెలజీతం కాదు, టికెట్ల మీద కమిషను. ఎంతమంది ఎక్కితే అంత. అందుకని ఒకే రూటులో రెండు బస్సులు వెనకా ముందూ పడ్డాయంటే ఇక పందెమే. స్టాపులో బస్సు కదలదు, ఇంకో మనిషి వస్తాడేమోనని. వెనక బస్సు కనబడగానే ఒక్కసారి లంఘిస్తుంది. కండక్టరు తలుపు దగ్గర వేలాడుతూ బస్సు రేకు మీద దబదబా బాదుతాడు. ఎవరైనా ఆడమనిషి దిగుతుంటే "ఆస్తే లేడీస్, కోలే బచ్చా!" అని అరుస్తాడు. నెమ్మది, ఆడవాళ్లున్నారు, చంకలో పిల్లాడున్నాడు అని. చంకలో పిల్లాడు లేకపోయినా అరుస్తాడు. పిల్లాడి పేరు చెప్తేనే డ్రైవరు బ్రేకు నొక్కుతాడు మరి.

ఆటోలు ఇక్కడ మన ఊళ్లలోలాగా అడిగినచోటికి రావు. ఒక్కో ఆటోకు ఒక్కో రూటు. వెనక ముగ్గురు, ముందు డ్రైవరు పక్కన ఒకరు. చిల్లర లేకపోతే మహాభారతమే. పసుపుపచ్చ అంబాసిడర్ ట్యాక్సీ సంగతి వేరు. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, మనం వెళ్లాల్సిన చోటు చెప్పేలోపే "జాబో నా" అంటాడు, నేను రాను అని. ఆ ట్యాక్సీ కూడా ఇక ఎన్నాళ్లో ఉండదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ కార్ఖానా 2014లో మూతపడింది. పదిహేనేళ్లు నిండిన వాణిజ్య వాహనాలు నగరంలో తిరగకూడదని అంతకుముందే 2008లో హైకోర్టు చెప్పింది. పసుపు బండ్లు ఏటేటా పలచబడుతున్నాయి.

ఇంకో రకం ఆగడం ఉంది. ఊరేగింపు. ఇక్కడ మిఛిల్ అంటారు. ఏ పార్టీదైనా కావచ్చు, ఏ సంఘానిదైనా కావచ్చు. ధర్మతల్లా దగ్గర జెండాలు కనిపించాయంటే ఆ పూటకి ఇంజను కట్టేసి కూర్చోవడమే. 2003 సెప్టెంబరులో కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి అమితావ లాలా కోర్టుకు వెళ్తూ ఇలాగే ఊరేగింపులో ఇరుక్కుపోయారు. మనమైతే స్టీరింగ్ మీద తల కొట్టుకుంటాం. ఆయన కోర్టుకు చేరాక ఉత్తర్వు ఇచ్చారు, పనిదినాల్లో పగటిపూట నగరంలో ఊరేగింపులు వద్దని. ఊరంతా గోల. రాజకీయ పార్టీలు మండిపడ్డాయి. ఆ ఉత్తర్వు మాట ఇప్పుడు లాయర్లకే గుర్తు. ఊరేగింపులు మాత్రం ఇవాళ కూడా పోతున్నాయి. నాకు కోపం వస్తుంది, నిజమే. అయితే ఒకటి. ఊరేగింపు సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోతుంది. పార్క్ చేసిన కారు మర్నాడు కూడా అక్కడే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రోడ్డు ఇరుకైనప్పుడల్లా కలకత్తా ఎవర్నో ఒకర్ని పక్కకు జరగమంది. ఎవర్ని జరగమందో చూడండి.

1996 నవంబరులో ఫుట్‌పాత్‌ల మీద చిల్లర వ్యాపారుల్ని తీసేశారు. ఆపరేషన్ సన్‌షైన్ అని పేరు. రాత్రికి రాత్రి గడియాహాట్ దుకాణాలు కూల్చారు. కొన్నాళ్లకు వాళ్లు మళ్లీ వచ్చేశారు, ఆకలి ఎక్కడికి పోతుంది? 2013లో సైకిళ్ల వంతు. నగరంలో 174 రోడ్ల మీద సైకిలు నడపకూడదన్నారు. పాలమనిషి, పేపరు కుర్రాడు, ఎలక్ట్రీషియను, వీళ్లందరి బండీ సైకిలే. ఒక మనిషిని మోస్తూ మూడడుగుల చోటు కూడా ఆక్రమించని బండిని అడ్డం అన్నారు.

ఆ పైన ట్రామ్. 1873లో గుర్రాలు లాగిన ట్రామ్, 1902లో కరెంటు ట్రామ్. నూటయాభై ఏళ్లు ఈ ఊరిని మోసింది. కొన్ని రోడ్లలో దానికి మధ్యన గడ్డి పరిచిన సొంత దారి ఉండేది. కార్లు ఎక్కవు గనక ట్రామ్ ఆగకుండా పోయేది. ఆ గడ్డి తీసేసి కాంక్రీటు పోశారు, కార్లూ పోవచ్చన్నారు. దాంతో ట్రామ్ కార్ల మధ్య ఇరుక్కుంది. ఇరుక్కున్నాక, ట్రామ్ వల్లే రద్దీ అన్నారు. 2024 సెప్టెంబరులో ప్రభుత్వం చెప్పేసింది. మైదానం మీదుగా ఒక్క రూటులో సరదాకు నడుపుతాం, మిగతావి ఆపేస్తాం అని. ట్రామ్ పట్టాల మీద కారు ఆపి టీ తాగడానికి వెళ్లినవాడికోసం డ్రైవరు గంట కొడుతూ కూర్చోవడం ఈ ఊళ్లో చూడనివాళ్లు లేరు. ఇద్దరిలో ఎవరు అడ్డం? ఎవరిని తీసేశారు?

పైన రోడ్డు వెయ్యడం కూడా చేసి చూశారు. 2016 మార్చి 31న పోస్తా దగ్గర, బడాబజార్ పక్కన, కడుతున్న ఫ్లైఓవర్ మధ్యాహ్నం వేళ కూలిపోయింది. పాతికమందికి పైగా చనిపోయారు. ఇళ్ల కిటికీలకు చెయ్యందేంత దగ్గరగా వేశారు దాన్ని. అంత ఇరుకు వీధిలో పైన ఇంకో వీధి ఎందుకని అప్పటికే ఎందరో అడిగారు.

వ్యాపారిని జరగమన్నారు, సైకిలును జరగమన్నారు, ట్రామ్‌ను జరగమన్నారు. నిలిచిన కారును మాత్రం ఎవరూ గట్టిగా జరగమనలేదు. మరీ అడ్డంగా పెడితే పోలీసులు చక్రానికి ఇనుప తాళం బిగిస్తారు, అంతే. నా కోపం ఎంతసేపూ దాని మీదే. నాకూ కారుంది, నేనూ పది రూపాయలు కట్టి వీధిలో పెట్టేవాణ్ణే, కాబట్టి ఈ మాట అనే హక్కు నాకు ఇంకాస్త ఎక్కువే ఉందనుకుంటాను.

ఆ రద్దీ మధ్యన తెల్ల యూనిఫాంలో నిలబడే సార్జెంట్ల మీద నాకు కోపం లేదు. ఎండకు కమిలిపోతూ, ఆరు శాతం రోడ్డుతో ఊరంతటినీ నెట్టుకొస్తారు. సిగ్నళ్ల దగ్గర రవీంద్ర సంగీతం వినిపించే ఏర్పాటు కూడా ఉంది, 2011లో వచ్చిన ప్రభుత్వం కొత్తలో పెట్టింది. ఎర్రలైటు పడగానే మైకులోంచి రవీంద్రుడి పాట. ఆటో డ్రైవరు, బస్సు కండక్టరు, బావగారు, అందరూ వినాల్సిందే. హారన్ల మధ్య పల్లవి వినపడుతుంది, చరణం వచ్చేలోపు పచ్చలైటు. బావగారు ఆ రోజు ఒక్కసారి నవ్వింది అక్కడే. "పాట బావుందోయ్, ఇంకాసేపు ఎర్రలైటు ఉంటే బాగుణ్ణు" అన్నారు. వెనకనుంచి హారన్లు మోగాయి.

దుర్గాపూజ రోజుల్లో ఈ కథంతా తలకిందులవుతుంది. వీధుల్లోనే పందిళ్లు లేస్తాయి, వెదురు కంచెలు కడతారు. అర్ధరాత్రి దాటాక కూడా జనం కాలినడకన పందిళ్లు చూస్తూ తిరుగుతారు. కార్లు చాలా వీధుల్లోకి రానే రావు. యునెస్కో 2021లో ఆ పండుగకు తన వారసత్వ జాబితాలో చోటిచ్చింది. ఏడాదిలో ఆ నాలుగైదు రోజులు ఈ ఊరు కారు లేకుండా బతకగలనని చూపిస్తుంది. విజయదశమి వెళ్లగానే మళ్లీ మామూలే.

మన ఊళ్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అబిడ్స్‌లోనూ, విశాఖ జగదాంబ దగ్గరా, బెజవాడ బీసెంట్ రోడ్డు పక్కనా చోటు కోసం మీరూ తిరిగే ఉంటారు. అక్కడ ఇంకా కాస్త రోడ్డుంది. కలకత్తాకు లేని అవకాశం మీకుంది. మీ మునిసిపాలిటీ వీధిలో పార్కింగ్ రేటు పెంచుతానంటే, వెంటనే కోప్పడకండి. ఆ డబ్బుతో ఫుట్‌పాత్ వేస్తారా, బస్సులు పెంచుతారా అని అడగండి. గట్టిగా అడగండి. కారు కొనేముందు షోరూములో మైలేజీ అడిగినట్టే, ఇంటి దగ్గర అది రాత్రి ఎక్కడ పడుకుంటుందో ఇంట్లోవాళ్లనీ అడగండి.

మీరు కలకత్తా వస్తే మటుకు నా సలహా ఒక్కటే. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి హాయిగా హౌరాలో దిగండి. కారు మాట తలపెట్టకండి. స్టేషను పక్కనే మెట్లు దిగితే మెట్రో ఉంది. దేశంలో మొదటి మెట్రో 1984లో ఈ ఊళ్లోనే మొదలైంది, నది కిందనుంచి పోయే మొదటి మెట్రో 2024 మార్చిలో ఇక్కడే మొదలైంది. హుగ్లీ కిందనుంచి దాటి, ఎస్‌ప్లనేడ్‌లో పైకొస్తే న్యూ మార్కెట్ నడిచిపోయేంత దూరం. ఆ లైను తెరిచినప్పుడు పెట్టిన టికెట్టు 10 రూపాయలు. బావగారు పెళ్లి నగలకు వచ్చినప్పుడు అందులోనే వచ్చారు.